నెలకు అంగుళం

కత్తెర మూసుకుంటది.
తెరుసుకోదు.
ఇంత చిన్న ముచ్చట సమజయ్యేతందుకు
సోహార్ దవాఖానల నాకు మూడు దినాలు పట్టింది.

నీళ్ల క్యాన్ భుజానేసుకొని మెట్లెక్కుతుంటె కాలు జారింది.
క్యాన్ పగల్లే. దండచెయ్యి బొక్క ఇరిగింది.
ఆ బొక్కను సుట్టుకొని ఒక నరం ఉంటదట,
గిరక మీది చేంతాడు లెక్క.
నలిగింది గని తెగలేదన్నడు ఈజిప్టు డాక్టరు.
ఆ "తెగలేదు" అన్న ఒక్క మాటను
తలకింద పెట్టుకొని పన్న ఆ రాత్రి.

తెల్లారి చూస్తె
మణికట్టు కాడ చెయ్యి వేలాడుతున్నది,
పిండి దండెం మీదేసిన తువ్వాల తీరు.
పట్టుమంటె జరంత పడ్తది. ఇడువుమంటె ఇడువదు.
అర్బాబ్‌కు సలాం చేద్దామని ఎత్తితె
చెయ్యి నా మాట ఇనకుండ నేల దిక్కు చూసింది.
బొటనేలుకు చూపుడేలుకు నడుమ, మీది తోలు
నాది కాదు.
షఫీకుల్ సిగరెట్ నిప్పు ఆడ రాలితె
వాసనతోని ఎరుకైంది, మంటతోని కాదు.

నా కుర్చీ ముల్తాన్ పిలగానికిచ్చిండ్రు.
నేను ఎడమచేత్తోని చీపురు పట్టిన.
ఎవలెవలియో వెంట్రుకలు, నల్లయి, ఎర్రయి, గోరింటయి,
అన్నిటిని ఒక్క కుప్పకు ఊడ్సిన.

ప్రసన్న సిస్టర్ మలయాళీ. హిందీ నాకంటె అధ్వాన్నం.
వేలితోని దండ మీద టక్ టక్ కొట్టుకుంట కిందికొస్తది.
ఒక్క కాడ చీమలు పాకినట్టు జిల్లుమంటది.
ఆడ నీలిపెన్నుతోని గీత గీస్తది, పక్కపొంటి తారీకు.
"నరం ఈడిదాంక వచ్చింది.
దినానికి ఒక మిల్లీమీటరు. నెలకు అంగుళం.
ఎత్తు అనుకో లింబాద్రీ,
లేవకున్నా సరే, ఎత్తు అనుకో."

నేను నవ్విన.
పెరుగుడు గురించి
కటింగ్ చేసెటోనికి చెప్తున్నవా సిస్టర్?
పదిహేనేండ్ల సంది ఇదే కొలత నాది.
వెంట్రుక నెలకు అరంగుళం.
చేపల ఖల్ఫాన్ సాబ్ ఆఖరిసారి ఎప్పుడొచ్చిండో
చెవి మీది జుట్టును చూసి చెప్త.
నడుమల ఇంకో దుకాణంకు పోయెచ్చినోన్ని
మెడ ఎనుక గీత చూసి దొరకవడ్త.
పెరిగేటప్పుడు ఎవ్వలకు కండ్లవడదు.
పెరిగినంక దాస్తె దాగదు.

గంగజలకు చెప్పలే.
ఫోన్ల మొకమే చూపెట్టిన, చెయ్యి చూపెట్టలే.
ఆమె జరసేపు చూసి అన్నది:
"మీసం ఎడమకు వంకరున్నది. ఎవలు దిద్దిండ్రు?"
నేనే, అన్న.
"ఏ చేత్తోని?"

రెండు దినాలు మాట్లాడలే.
మూడోనాడు, చెయ్యి చూపెట్టమన్నది.
నీలిగీతలు ఒక్కొక్కటి లెక్కవెట్టింది
గోడ మీద పాలోని లెక్క చూసినట్టు.
"ఇంకా జానెడున్నది గదా," అన్నది.
అంతే. ఏడ్వలే.
అటెన్క ఫోన్ చేసినప్పుడల్లా
బాగున్నవా అని అడగది,
ఎంత దూరమొచ్చింది, అంటది.

అయిదో నెల. మాపటీలి.
ముల్తాన్ పిలగాడు సులైమానీ గిలాస అందిస్తుంటె
ఏదో మాట్లాడుకుంట చెయ్యి చాపిన.
మణికట్టు లేసింది.
నేను ఎత్తుమనలే. అనుకోలే గూడ.
చాయ్ ఒలికి కాలు కాలింది,
కాలినందుకు ఇద్దరం ఎగిరినం.

ఏళ్లు ఇంక మెల్లగొస్తున్నయి.
బొటనేలు అందరికంటె ఆఖరుకొస్తదట,
పెద్దోడు కదా.

నిన్న షెట్టర్ దించినంక
అద్దం ముంగట నా కుర్చీల నేనే కూసున్న.
కత్తెర తొడుక్కున్న.
తెరువు, అన్న, నోటితోనే,
మొండి పిలగానికి చెప్పినట్టు.
చెమట చెవులెంబడి కారింది.
తెరుసుకున్నది,
ఒక్క వెంట్రుక పట్టేంత.

నెత్తిల తెల్లదాన్ని దేవులాడి అండ్ల పెట్టిన.
మూసుడు నాకు ముందే వచ్చు.